బట్టలు ఆరని రోజు

దండెం మీది దుప్పటిని వేళ్ళతో నొక్కి చూసి గంగారత్నం మొహం చిట్లించింది. పొద్దున ఏడింటికి ఆరేసింది. పది దాటినా ఇంకా తడే. కువైట్ ఆగస్టులో చివరి బట్టకు క్లిప్పు పెట్టేలోపు మొదటి బట్ట కరకరలాడాలి. అలా ఆరలేదంటే గాలి సముద్రం వైపు నుంచి తిరిగిందన్నమాట. వట్టి ఎండైతే ఎలాగోలా కాచుకోవచ్చు. ఈ ఉక్కపోత ఉందే, పాడు ఉక్కపోత, ఇది చెమటను ఆరనివ్వదు, మనిషిని నిలబెట్టి ఉడకేస్తుంది. కోనసీమలో పుట్టి పెరిగిన గంగారత్నానికి ఆ సంగతి ఇంకొకరు చెప్పాలా? సల్వాలోని ఈ ఇంట్లో పన్నెండేళ్ళుగా వంట చేస్తోంది. ఒక్క మామాకు తప్ప ఎవరికీ భయపడదు.

మామా అంటే ఇంటి యజమానురాలు. పని బాగుంటే నవ్వుతుంది, హద్దు దాటితే విమానం టిక్కెట్టు చేతిలో పెడుతుంది. మగ పనివాళ్ళెవరూ వంటగది గడప దాటి లోపలికి రాకూడదన్నది అన్నిటికంటే పెద్ద హద్దు. రెండేళ్ళ కిందట ఒక డ్రైవరు, పాపం, మంచినీళ్ళ కోసమని ఆడవాళ్ళ హాలు దాకా వచ్చాడు. వారం తిరక్కుండా వాడూ వెళ్ళిపోయాడు, వాడికి తలుపు తీసిన పనిమనిషీ వెళ్ళిపోయింది.

ఇప్పటి డ్రైవరు నూర్ బాషాది రాయచోటి. వచ్చి నాలుగు నెలలైంది. మనిషి మంచివాడే గాని మొండిఘటం. సాయంత్రం చుట్టాలొస్తున్నారని, తలకు తడి తువ్వాలు చుట్టుకుని వాకిలంతా తోమి కడిగే పనికి దిగాడు.

"ఒరే బాషా, ఇయ్యాల బయట పని వద్దురా తమ్ముడూ. చుట్టాలు నీ గచ్చు చూడ్డానికేమన్నా వత్తన్నారా?"

"ఏం కాదులేక్కా! మా రాయచోటి ఎండ చూసినావా నువ్వు? నెత్తిన తడిగుడ్డ ఏసుకుంటే సాలు, ఎంత ఎండైనా సల్లగుంటాది."

"అది మీ ఊళ్ళో. అక్కడ తడి ఆరద్ది కాబట్టి చల్లగుంటది. ఇక్కడ ఆరితే గదా! చెప్తన్నాను, లోపలికి పోయి కూర్చో."

"మా అమ్మ కంటే నువ్వే ఎక్కువ బయపడతావక్కా," అని నవ్వి చీపురందుకున్నాడు. చెవిన వేసుకుంటేగా!

తిట్టుకుంటూ వెళ్ళి ఎసరు పడేసింది. అరగంట గడిచింది. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది గాని చీపురు చప్పుడు లేదు. కిటికీలోంచి చూస్తే పైపు ఒకచోటే పారుతోంది. బాషా ఎండలో గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

"బాషా!"

"బస్సు పోయిందా అక్కా?" అన్నాడు.

"ఏ బస్సురా?"

"మదనపల్లి బస్సు. నా సంచి ఎవురో తీస్కున్యారు."

అంటూనే కూలబడిపోయాడు. గంగారత్నం చేతిలో గరిటె పడేసింది. పరుగెత్తి ఒళ్ళు ముట్టుకుంటే పెనం మీద చెయ్యి పెట్టినట్టే ఉంది.

ఎక్కడికి తీసుకెళ్ళాలి? డ్రైవరు గదిలో ఏసీ చెడిపోయి రెండు రోజులైంది. వంటగదిలో నాలుగు పొయ్యిలూ వెలుగుతున్నాయి. చల్లగా ఉన్నదల్లా ఒక్క ఆడవాళ్ళ హాలే. దండెం మీది తడి దుప్పటి లాగి, అతన్ని దాని మీదికి దొర్లించి, ఈడ్చుకుంటూ బయల్దేరింది. కొబ్బరికాయలు ఒలిచిన చేతులు ఆమెవి. బక్కపలచటి బాషా ఓ లెక్కా?

లోపలి గడప దగ్గర మాత్రం ఆగింది. అబద్ధమెందుకు, ఆగింది. కాకినాడలో కూతురి నర్సింగు చదువు ఇంకా రెండేళ్ళుంది. పన్నెండేళ్ళ అన్నం ఈ గడప దగ్గరే చెల్లిపోతుందా అనిపించింది. కింద బాషా ఏదో గొణిగాడు.

"ఛీ, నా ఆలోచన తగలెయ్య!" అనుకుని ఒక్క ఊపున లోపలికి లాగేసింది.

ఏసీ కిందికి చేర్చి, చొక్కా చించి, స్నానాలగదికి పరుగెత్తింది. ఈ నెలల్లో చన్నీళ్ళ కుళాయి తిప్పితే డాబా మీది ట్యాంకు నీళ్ళు బొబ్బలెక్కిస్తాయి. ఎప్పుడో ఆపేసిన గీజరులో నిలవున్న నీళ్ళే చల్లన. అందుకని వేడినీళ్ళ కుళాయి తిప్పి బకెట్టు నింపి తెచ్చింది. ఒళ్ళంతా తడిపి పళ్ళెంతో టపటపా విసరసాగింది. ఏసీ గాలి పొడిగాలి. ఇక్కడైతే తడి ఆరుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది.

"గంగా! నా హాల్లో మగాడా!"

మెట్ల మీద మామా. నిద్రలోంచి లేచొచ్చినట్టుంది, తల మీద ముసుగు కూడా లేదు. తివాచీ మీద నీళ్ళు చూసి ఆవిడ గొంతు ఇంకా పెరిగింది.

"ఖలాస్! సామాను సర్దుకో!"

"సర్దుకుంటాను మామా. ముందు అంబులెన్సుకి ఫోను చెయ్యి," అంది గంగారత్నం తన వచ్చీరాని అరబ్బీలో, విసరడం ఆపకుండానే.

పన్నెండేళ్ళలో ఆవిడకు పని చెప్పడం ఇదే మొదటిసారి. మామా ఏదో అనబోయి, బాషా మొహం చూసి, ఫోనందుకుంది.

"నీ పేరేంట్రా?" గంగారత్నం అడిగింది.

"బస్సు..."

మళ్ళీ తడిపింది, మళ్ళీ విసిరింది. "పేరు చెప్పరా నాయనా!" చేతులు లాగేస్తున్నాయి. వీడు ఇలాగే పోతే రాయచోటికి ఏమని కబురు పెట్టాలి తను? ఇంకా గట్టిగా విసిరింది.

చాలాసేపటికి బాషా కళ్ళు తెరిచాడు. పైన వేలాడే గాజు దీపాలు చూశాడు. తివాచీ చూశాడు. ముసుగు లేని మామాను చూశాడో లేదో, రెండు కళ్ళూ గట్టిగా మూసేసుకున్నాడు.

"యా అల్లా! అక్కా, ఇది ఆడోళ్ళ హాలు గదా! నన్నేల తెచ్చినావీడికి? మామా మన ఇద్దర్నీ ఇంటికి తరిమేస్తాది! లేపక్కా, బయటికి బోతా!"

గంగారత్నం పళ్ళెం వదిలేసి భోరుమంది. ఏడుస్తూనే నవ్వింది. "వచ్చిందిరా నీ బుర్ర! తిరిగొచ్చేసింది!"

"ఏమంటున్నాడు?" మామా అడిగింది.

"ఇది ఆడవాళ్ళ హాలట మామా. నీకు కోపమొస్తుందట. బయటికి పోతాడట, ఆ ఎండలోకి."

మామా గట్టిగా మూసుకున్న అతని కళ్ళ వైపు వంగి చూసింది. ఇంతలో వీధిలో సైరను మోగింది. తలుపు తీద్దామని గంగారత్నం లేచేలోపే మామా ముసుగు తలమీదికి లాక్కుని, తానే వెళ్ళి వీధి తలుపు రెక్కలు రెండూ బార్లా తీసింది. స్ట్రెచరుతో వచ్చిన నలుగురు మగవాళ్ళు, లోపల ఆడవాళ్ళున్నారని గడప బయటే ఆగిపోయారు.

"ఏం నిలబడ్డారక్కడ?" మామా కేకేసింది. "యల్లా, బూట్లతోనే రండి! మా బాషా లోపలున్నాడు!"