తువ్వాలు మీది లాప్‌టాప్

"చెయ్యి పెట్టొద్దు పద్మా, పొద్దున్నుంచి నడిచి కాలిపోతాండాది. కాసేపు చల్లారనీ దాన్ని," అన్నాడు గణేష్, లాప్‌టాప్‌ను మెత్తటి తువ్వాలు మీద బోర్లిస్తూ.

పద్మావతికి ఒళ్లు మండింది. పొద్దున్నుంచి దాన్ని నడిపిందెవరు? ధర్మవరం మగ్గాలకు పట్టుచీరల అంచులూ కొంగులూ గీసేది తను. నాలుగు బొమ్మలు ఒకేసారి తెరిస్తే చాలు, ఆ పాత లాప్‌టాప్ బిగుసుకుపోయేది. అందుకే మొగుడు రైలెక్కి హిందూపురం పోయి మెమరీ ముక్క తెచ్చాడు. స్క్రూలిప్పి లోపలి దుమ్మును బ్రష్షుతో, పసిబిడ్డ చెవి తుడిచినంత ఒద్దికగా తుడుస్తున్నాడు. పక్కన టార్చి పట్టుకుని నిలబడ్డ పద్మావతికి అసూయ పుట్టింది. సవతి మీద పుట్టినట్టే పుట్టింది.

"పాపం, వయసైపోయె దీనికి. అన్నీ మీదేస్తే యాడ తట్టుకుంటాది?"

పాపమట! మొన్న జ్వరంతో తను లేవలేకపోతే ఇదే నోరు ఏమంది? "ఇంట్లో కూచోని బొమ్మలు గీసేదానికి అలుపేమే?" అత్త కుళ్ళాయమ్మ వెంటనే అందుకుంది: "మేము మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకోనే బిడ్డల్ని సాకినాం." ఆ రోజు వంటా తప్పలేదు, కొంగు గీయడమూ తప్పలేదు. నుదుటి మీద చెయ్యేసి చూసిన దిక్కు లేదు. ఈ డబ్బా వీపు మీద మాత్రం అరచెయ్యి పెట్టి మాటిమాటికీ చూస్తున్నాడు, వేడి తగ్గిందో లేదో అని!

కొత్త ముక్క దూర్చి మీట నొక్కితే తెర నల్లగానే ఉండిపోయింది. పద్మావతికి లోలోపల సంతోషమేసింది. గణేష్ విసుక్కోలేదు. "తొందరేం లేదులే," అని దానికే నచ్చజెప్పి, ముక్క తీసి, ఈసారి రెండు పక్కలా క్లిప్పులు పట్టేదాకా నొక్కాడు. అంతలో వంటింట్లోంచి అన్నం మాడిన వాసన.

"ముక్కు పనిచేయలేదా నీకు?" ఆ విసుగు పెళ్లానికి.

ఆమె పోయి స్టవ్వు ఆర్పి వచ్చేసరికి తెర వెలిగింది.

"సూడు, ఎట్ల పరిగెత్తుతాందో! చీరల షాపాయనకు నిన్ననే చెప్పేసినా, ఇంకో రెండు చీరలు గీసిస్తామని."

"నన్నడగలేదే?"

"నిన్నడిగేదేముండాది? మిషన్ బాగైపాయె కదా!"

పద్మావతి ఫోన్ తీసింది. "అన్నా, మా ఆయన ఒప్పుకున్న ఆ రెండు చీరలు నేను గీయను," అని షాపాయనకు చెప్పి పెట్టేసింది. గణేష్ నోరు తెరిచేలోగా లాప్‌టాప్‌ను ఎత్తి అతని ఒళ్లో పెట్టింది. దాని కిందున్న తువ్వాలు లాక్కుని, మడిచి, తల కింద పెట్టుకుని మంచమ్మీద ఒరిగింది.

"మొన్నటి జ్వరం ఇంకా ఒంట్లోనే ఉండాది. కాసేపు నన్నూ చల్లారనీండి."