ఏడుపు రిహార్సల్

ఆ స్కూల్లో పిల్లలకు విదేశాల్లో యూనివర్సిటీ సీట్లు తెప్పించే సారును అందరూ మెరుగుల సారు అంటారు. ఎవరు ఏం చెప్పినా "బాగుందమ్మా, కాస్త మెరుగు పెడదాం" అంటాడు గనక ఆ పేరు నిలిచిపోయింది. మనిషి మెత్తనివాడు, నవ్వుముఖం. లెక్కల టీచరమ్మకు ఆయన మీద కోపమంటూ ఎప్పుడూ లేదు. ఆ మధ్యాహ్నమే పుట్టింది, పుట్టీ పుట్టగానే నెత్తికెక్కి కూర్చుంది.

ఆయన పద్ధతే ఒక వింత. చివరి ఏడాది పిల్లలను ఒక్కొక్కరిగా తన అద్దాల గదిలోకి పిలిచి, కులాసాగా కబుర్లాడుతూ వాళ్ల బతుకులో కష్టం ఎక్కడుందో తవ్వుతాడు. ఇంటర్వ్యూలో యూనివర్సిటీ వాళ్లు నిన్ను మార్చిన కష్టం ఏమిటని అడుగుతారట. దానికి జవాబు లేకపోతే ఎన్ని మార్కులున్నా దండగేనట. కష్టం లేని పిల్లలకు ఆయనే ఒకటి చూసిపెడతాడు. ఒకడికి పెంపుడు కుక్క చచ్చిపోయింది. ఒకమ్మాయి అనాథాశ్రమానికి వెళ్లి నాలుగు ఫొటోలు దిగి వచ్చింది. ఇంకొకడు ఏమీ దొరక్క, తన అమ్మానాన్నా ఇంత సఖ్యంగా ఎందుకున్నారని ఇంట్లో అలిగి అన్నం మానేశాడట. స్టాఫ్ రూంలో ఈ మాట చెప్పుకుని అందరూ నవ్వారు. లెక్కల టీచరమ్మ కూడా నవ్వింది. నిప్పు మన కొంగుకు అంటుకునేదాకా అది ఎవరింటి మంటో కదా.

ఆమె కూతురు కూడా అదే స్కూల్లో చివరి ఏడాది చదువుతోంది. ఇంట్లో 'చిన్నది' అంటారు. చిన్నదానికి పైపుల పిచ్చి. వాళ్ల అపార్టుమెంటులో పై అంతస్తుకు నీళ్లెందుకు ఎక్కవో కనుక్కుంటానని గోడకు చెవి ఆనించి గంటలు గంటలు నిలబడేది. నీళ్ల ఇంజనీరింగే చదువుతానని పట్టు పట్టింది. మంచి యూనివర్సిటీ ఒకటి ఇంటర్వ్యూకు పిలిచింది కూడా. ఆ పిలుపు వచ్చిన రోజున చిన్నది ఇల్లంతా గంతులేసింది.

ఇంటర్వ్యూకు ముందు స్కూల్లో రిహార్సల్ జరుగుతుంది. ముగ్గురు పెద్దవాళ్లు ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేస్తారు. కన్నవాళ్లు సొంత పిల్లల రిహార్సల్లో కూర్చోకూడదని నియమం. ఆ రోజు సైన్సు టీచరుకు జ్వరం వచ్చింది. మెరుగుల సారు స్టాఫ్ రూంలోకి తొంగిచూసి, ఖాళీగా కనిపించిన లెక్కల టీచరమ్మను రెక్క పట్టుకున్నంత పని చేసి తీసుకుపోయాడు. ఎవరి పిల్లో ఆయనకు తట్టనే లేదు. ఆయనకు పిల్లలు పేర్లతో గుర్తుండరు, కష్టాలతో గుర్తుంటారు. తర్వాత వచ్చేది 'అన్న పోయిన పిల్ల' అని ప్రిన్సిపాల్ గారి చెవిలో చెప్పాడు. ఆ మాట లెక్కల టీచరమ్మకూ వినిపించింది. చిన్నదాని వంతు రేపనే అనుకుంటోంది గనక, ఎవరో పాపం అనుకుంది.

తలుపు తోసుకుని చిన్నది వచ్చింది. తల్లిని చూసి గుమ్మంలో ఆగిపోయింది. సారు కూర్చోమని సైగ చేస్తే కూర్చుంది. ప్రిన్సిపాల్ గారు కష్టం ప్రశ్న అడిగారు.

చిన్నది బల్ల వంక చూస్తూ మొదలుపెట్టింది. తనకు ఎనిమిదేళ్లప్పుడు అన్నకు జ్వరం వచ్చిందని చెప్పింది. ఆ రాత్రి అన్న తల తన ఒళ్లోనే ఉందని, తన చెయ్యి పట్టుకునే కన్నుమూశాడని, ఆ క్షణంలోనే తాను డాక్టరు కావాలనుకున్నానని చెప్పింది. అక్కడ ఆగింది. తల దించింది. పెదవులు చిన్నగా కదిలాయి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటోందని ఇన్నేళ్లు లెక్కలు చెప్పిన తల్లికి తెలియకపోతుందా. మూడు కాగానే తల ఎత్తి, ఊపిరి పీల్చి, మిగతాది అప్పజెప్పింది.

లెక్కల టీచరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెద్దాడు పోయింది ఆమె ఒళ్లో. ఆ రోజు చిన్నది పిన్ని ఇంట్లో ఉంది. బిడ్డ ఆఖరి బరువు తన తొడల మీద ఎలా ఉందో ఆమె కట్టుకున్న భర్తకు కూడా చెప్పలేదు. ఆ ఒక్కటీ ఎవరూ ముట్టుకోకుండా దాచుకుంది. ఇప్పుడు దాన్ని ఎవడో పీకి తీసుకెళ్లి, మెరుగు పెట్టి, కూతురి ఒళ్లో పడుకోబెట్టాడు.

"వాడు ఆ రోజు ఏ రంగు చొక్కా వేసుకున్నాడు?" అని అడిగింది.

చిన్నదాని ముఖం పాలిపోయింది. సారు వైపు చూసింది.

"పసుపుది. వాడు పోయింది నా ఒళ్లో. నీ ఒళ్లో కాదు."

చిన్నది రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఈసారి లెక్క లేదు. ప్రిన్సిపాల్ గారు లేచి నిలబడ్డారు. మెరుగుల సారు మాత్రం కూర్చున్నచోటే కాస్త ముందుకు వంగాడు. ఆయన కళ్లు మెరిశాయి.

"ఇదమ్మా, ఈ ఏడుపే కావాలి మనకు. ఇలా ఎలా వచ్చిందో గుర్తుపెట్టుకో."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పిమ్మన్నాడట వెనకటికి ఎవడో. వాడైనా నిప్పుతో పోయాడు. లెక్కల టీచరమ్మ కూతురి రెక్క పట్టుకుని లేపింది. నా బిడ్డ చావు నీ ముడిసరుకు కాదు, ఇంకోసారి వాడి ఊసెత్తితే ఊరుకోనని ప్రిన్సిపాల్ గారి ముందే చెప్పింది. సారు నొచ్చుకున్నాడు. పిల్ల మంచి కోసమే కదమ్మా అన్నాడు. నీళ్ల కోసం చదువుతానంటే ఎవరి గుండె కరుగుతుంది, అందుకే డాక్టరని పెట్టాను, చివరికి సిఫారసు మాట రాయాల్సింది నేనే, సీటు పోతే తర్వాత నన్ను అనకండి అని కూడా అన్నాడు. ఆ ఆఖరి మాట మెత్తగానే అన్నాడు గానీ అందులో ముల్లుంది.

బస్టాపులో తల్లీకూతుళ్లు బెంచీకి చెరో చివర కూర్చున్నారు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. సిగ్గులేదా, అన్నను అమ్ముకుంటావా అని తల్లి కడుపులో ఉన్నదంతా కక్కింది. చిన్నది చాలాసేపు ఆ మాటలు పడింది. ఆ తర్వాత తిరగబడింది.

"నువ్వెప్పుడైనా చెప్పావా అమ్మా? వాడి ఫొటో బీరువాలో పెట్టి తాళం వేశావు. వాడి పేరెత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోతావు. నాకు పెద్దన్న లేడు, ఉత్త 'చిన్నది' అన్న పిలుపే మిగిలింది. సారు అడిగాడు. నన్ను వాడి గురించి అడిగింది ఆయనొక్కడే."

ఆ మాటకు తల్లి కోపం దిక్కు తప్పింది. ఇన్నాళ్లూ దాచుకున్నది తన సొత్తే అనుకుంది గానీ, అందులో ఈ పిల్లకూ వాటా ఉందని ఆమెకు తోచలేదు. ఇంకో బస్సు వెళ్లిపోయాక మొదలుపెట్టింది. పసుపు చొక్కా సంగతి చెప్పింది. చెల్లి ఎప్పుడొస్తుందని వాడు పదేపదే అడగడం చెప్పింది. వస్తోందిరా, దారిలో ఉందిరా అని తాను అబద్ధమాడడం చెప్పింది. చిన్నది జరిగి జరిగి తల్లి పక్కకు వచ్చేసింది.

అసలు ఇంటర్వ్యూ రోజున చిన్నది సారు అద్దాల గదిలో కంప్యూటరు ముందు కూర్చుంది. కెమెరాకు కనిపించకుండా మెరుగుల సారు అవతల నిలబడ్డాడు, ఎక్కడ ఆగాలో వేళ్లతో చూపించడానికి. సిఫారసు చేతిలో ఉన్న మనిషిని పొమ్మనలేక తల్లి అద్దానికి ఇవతల, వారగా తీసిన తలుపు దగ్గర నిలబడి పళ్లు కొరుక్కుంటోంది. అనుకున్న ప్రశ్నే వచ్చింది. సారు మూడు వేళ్లు ఎత్తాడు.

చిన్నది ఆగలేదు, తల దించలేదు.

"మా అన్న చనిపోయాడు. ఆ సంగతి చెప్తే మీరు జాలిపడతారని నాకు నేర్పించారు. కానీ అది మా అమ్మది, మా ఇంటిది. ఇక్కడ చెప్పను. మా ఇంట్లో పై అంతస్తుకు నీళ్లెక్కవు. ఎందుకో నాకు తెలుసు. అది చెప్పమంటారా?"

అవతలివాళ్లలో ఎవరో చెప్పమన్నారు. సారు చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. లెక్కల టీచరమ్మ తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.