చూసే చదవాలి

మా యూదుల బడి ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా కూర్చున్నదాన్ని. మాంచెస్టర్‌లో వాన పడని రోజైనా ఉంటుందేమో గాని, నా తలుపు కొట్టని రోజు మాత్రం లేదు. ముక్కు కారుతోందని ఒకడు వస్తాడు. మాంసమూ పాలూ కలవకూడదు మాకు, ఆ మాంసం డబ్బాల అరలో ఎవరో వెన్న రాసిన రొట్టె పెట్టారని ఒకతి గగ్గోలు పెడుతుంది. ఇక పండగలొస్తే చెప్పక్కర్లేదు. పర్ణశాలల పండగకు కొమ్మలు తెప్పించాలి, దీపాల పండగయ్యాక నూనె మరకలు తుడిపించాలి, ఇంట్లో రొట్టె ముక్కే ఉండకూడని పస్కాకు ముందు మూడువందల యాభై పుస్తకాల సంచుల అడుగున ఉన్న రొట్టె పొడి దులిపించాలి. ఇవన్నీ ఒక ఎత్తు, పూరీం ఒక్కటే ఒక ఎత్తు.

ఆ రోజు పిల్లలూ టీచర్లూ వేషాలు వేసుకొస్తారు. ఉదయం హాల్లో ఎస్తేరు రాణి కథ చదువుతారు. అందులో దుర్మార్గుడు హామాను పేరు వచ్చినప్పుడల్లా పిల్లలు గిలక్కాయలు తిప్పి, బెంచీలు బాది, ఆ పేరు వినపడకుండా చేస్తారు. అరవడం వాళ్ళ పని, ఆపడం నా పని. నా చేతిలో ఎర్ర అట్ట లేచిందంటే చప్పుడు ఆగాలి. కథలో ప్రతి మాటా చెవిన పడాలి మరి. ఒక్క మాట పోయినా విన్నట్టు కాదు.

చదివేది హాల్పెర్న్ మాస్టారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు మా దగ్గర అయిదో తరగతికి హీబ్రూ చెప్పి, ఆరేళ్ళ క్రితం మానేశారు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఇప్పుడాయన బడికి వచ్చేది ఏడాదికి ఈ ఒక్క పండగకే. వారం ముందే వచ్చి, ఖాళీగా ఉన్న తరగతి గదిలో కూర్చుని సాధన చేసుకుంటారు. తోలు మీద చేత్తో రాసిన ఆ పొడుగాటి చుట్టను ఉత్తరంలా మడతలు పెట్టి, ముందు పరుచుకుని, రాగం తీస్తూ చదువుతారు. ఆయన గొంతు వింటే పనున్నవాళ్ళు కూడా ఆ గది ముందు ఆగుతారు.

పండగ నాలుగు రోజుల్లోకి వచ్చింది. వెనకవీధి వృద్ధాశ్రమం నుంచి వచ్చేవాళ్ళకు ఎన్ని కుర్చీలు వేయించాలో అడుగుదామని ఆ గదికి వెళ్ళాను. మాస్టారు కథ మొదట్లో ఉన్నారు, రాజుగారు నూట ఎనభై రోజులు విందులిచ్చే చోట. వేలు అక్షరాల మీద నడుస్తోంది. ఆయన భుజం మీదుగా తొంగి చూసి గతుక్కుమన్నాను.

ఆ వేలు ఉన్నది హామాను పదిమంది కొడుకుల మీద.

ఆ పుటను గుర్తుపట్టడానికి పెద్ద చదువక్కర్లేదు. ఆ పది పేర్లూ పెద్ద పెద్ద అక్షరాలతో ఒకదాని కింద ఒకటి, మధ్యలో తెల్లటి ఖాళీ వదిలి రాస్తారు. ఒకటో తరగతి పిల్ల కూడా చూపిస్తుంది. అది కథ చివర్లో, వాళ్ళు చచ్చే చోట వస్తుంది. నోట్లో రాజుగారి విందు, వేలి కింద చచ్చినవాళ్ళ పేర్లు. నా చెప్పుల చప్పుడుకి ఆయన తలెత్తారు.

"ఎవరది?"

నాలుగడుగుల దూరంలో, ఎర్ర కోటులో, పగటి వెలుతురులో నిలబడి ఉన్నాను.

"నేనే మాస్టారూ, బెర్నీస్‌ని."

"నువ్వా? తలుపు కొట్టి రావాలని మీ ఇంట్లో నేర్పలేదేమిటమ్మాయ్?"

"మీ వేలు ఎక్కడుందో తెలుసా మీకు?"

వేలు ఆగింది. ఆయన నవ్వబోయారు గాని అది నవ్వులా రాలేదు.

"చూపు నట్టనడుమ పోయిందిటమ్మా. కంటి ఆసుపత్రి వాళ్ళు ఏదో పేరు చెప్పారులే. అంచులు మాత్రం మిగిలాయి. నీ మొహం వంక చూస్తే నీ చెవులు కనబడతాయి. అవీ మసగ్గానే."

"ఎప్పట్నించి?"

"కిందటేడు చలికాలం నించి."

"అంటే పోయిన పూరీంకి..."

"ఒక్క అక్షరం జారిందా? ఎవడైనా ఒక్క తప్పు పట్టాడా? కథంతా నా నెత్తురులో ఉంది!"

"తప్పు దొర్లలేదు మాస్టారూ. మీరు చదవలేదు, అంతే. కంఠతా అప్పజెబితే చదివినట్టు కాదు, చుట్టలో చూసే చదవాలి, లేకపోతే విన్నవాళ్ళకి విన్నట్టే కాదు అని మావాడికి అయిదో తరగతిలో చెప్పిందెవరు? మీరు కాదూ? వాడు ఇంటికొచ్చి నా ప్రాణం తీశాడు ఆ ముక్క చెప్పి చెప్పి."

"తెలుసు." బల్ల అంచు పట్టుకున్నారు. "నాకు తెలీదనుకున్నావా? ఏడాదంతా నాకున్నది ఈ ఒక్క పొద్దే బెర్నీస్. ఇదీ పోతే ఇంట్లో గోడలకి వినిపించుకోవాలి."

అక్కడ జాలి పడి ఊరుకోవలసింది. మామూలుగా అయితే ఊరుకునేదాన్నేమో. కాని నాకు కడుపు మండిపోయింది.

"పోయినేడు మా అమ్మ మొదటి వరుసలో చక్రాల కుర్చీలో కూర్చుంది, గుర్తుందా? ముందురాత్రి గుడిలో కథ చదివినప్పుడు రాలేకపోయింది. రేపు పొద్దున హాల్పెర్న్ దగ్గర వింటాలే, వాడే నయం అంది. తొంభై ఒక్క ఏళ్ళు. బాంబులు పడుతుంటే నేలమాళిగలో కూర్చుని కూడా విన్న మనిషి. పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఏడాది తప్పలేదు. మే నెలలో పోయింది. ఆ చివరిది మీరు పోగొట్టారు మాస్టారూ. ఇంక ఆవిడకి మళ్ళీ వినిపించడం ఎవరి తరం?"

ఆయన మొహం పక్కకు తిప్పి చూస్తున్నారు. నన్ను చూడాలంటే అలాగే చూడాలని అప్పటికి నాకు తట్టలేదు, మొహం తప్పిస్తున్నారనుకున్నాను.

"మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అన్నాను.

"వెళ్ళమ్మా," అన్నారు.

ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సయించలేదు. మా హెడ్మాస్టరూ మతగురువూ అయిన రబ్బీ ఎల్కానా గది ముందు రెండుసార్లు నిలబడి వెనక్కి వచ్చాను. చెబితే అరగంటలో వేరే మనిషిని పిలిపిస్తాడు, మాస్టారి చేతికి పువ్వులిచ్చి సాగనంపుతాడు. చెప్పకపోతే ఆ హాల్లో కూర్చునే నాలుగువందల మంది చెవులకు నేనూ అన్యాయం చేసినదాన్నవుతాను. ఇంకో ఆలోచన కూడా నన్ను తినేసింది. ఆ రోజు అమ్మ కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ, ఎంత తృప్తిగా వింది! దేవుడు ఆ మొహం చూశాడా, చట్టం చూశాడా? సంతకం లేని కాగితాన్ని వెనక్కి పంపడం నా ఉద్యోగం. దేవుడూ నాలాగే గుమాస్తా అయితే అమ్మ గతేమిటి?

పూరీం ఉదయం హాలు కిటకిటలాడిపోయింది. సింహాలు, రాణులు, ముగ్గురు మంటలార్పేవాళ్ళు, ఎవరికీ అర్థం కాని ఒక వంకాయ. వృద్ధాశ్రమం వాళ్ళను మొదటి వరుసలో కూర్చోబెట్టాను. ఒక ఖాళీ నా కళ్ళకు మాత్రమే కనబడింది.

మాస్టారు లోపలికి వచ్చారు. ఏటా ఓడ కెప్టెనో, వంటవాడో అయి వచ్చే మనిషి, ఈసారి మామూలు బూడిదరంగు కోటులో వచ్చారు.

"మాస్టారు వేషం వేసుకోలేదోచ్!" అని వెనకనుంచి ఒక సింహం అరిచింది.

"పేదరికం వచ్చిందేమో!" అంది వంకాయ. టీచర్లు ఉష్షన్నారు.

ఆయన చుట్ట మడతలు విప్పి బల్ల మీద పరిచారు. చదివేముందు మూడు ఆశీర్వచనాలు చెప్పాలి. అవి నోట్లోంచి వచ్చాయంటే ఇక వెనక్కి తీసుకోలేం, వ్యర్థంగా దేవుడి పేరెత్తడం అవుతుంది. ఆయన గొంతు సవరించుకున్నారు. నా చేతిలోని ఎర్ర అట్ట ఎత్తి ఆపేద్దామా అనిపించింది, నిజంగానే సగం ఎత్తాను.

"ఎవరో వేషం గురించి అడిగారు," అన్నారాయన. "పోయినేడు వేశాను. చాలా బాగా కుదిరింది, మీరెవరూ గుర్తుపట్టలేదు. కళ్ళున్నవాడి వేషం."

పిల్లలు నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వలేదు.

"నాకు అక్షరాలు కనబడవు. పోయినేడు మీకు చదవలేదు, అప్పజెప్పాను. ఆ రోజు నా దగ్గర విన్నవాళ్ళకి వినవలసింది దక్కలేదు. నా మూలంగా. క్షమించండని అడుగుతున్నాను." ఆయన తల పక్కకు తిప్పి హాలంతా వెతికారు. "ఎల్కానా! ఎక్కడున్నావురా?"

"ఇక్కడే మాస్టారూ," అన్నాడు రబ్బీ. అప్పటికతను తలకు పెద్ద ఉల్లిపాయ టోపీ పెట్టుకుని ఉన్నాడు పాపం.

"రా, చదువు. నీకు ఈ రాగాలు నేర్పింది నేనే. ఎంతవరకు వచ్చాయో నాకు తెలుసు. అయినా రా."

రబ్బీ టోపీ తీసేసి వచ్చాడు. కళ్ళు తుడుచుకుని ఆశీర్వచనాలు చెప్పాడు, మొదలుపెట్టాడు. రెండో వాక్యంలోనే ఒక మాట తప్పు పలికాడు. చదివేవాడు తప్పితే వినేవాళ్ళు అక్కడే దిద్దాలి. పక్కన కుర్చీలో కూర్చున్న మాస్టారి నోట సరైన మాట ఠక్కున పడింది. రబ్బీ అయిదో తరగతి పిల్లాడిలా చెవులు ఎర్రబడి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాడు. అలా చివరిదాకా ఏడుసార్లు దిద్దారాయన. దిద్దడానికి కళ్ళక్కర్లేదు.

అయ్యాక నేను ఆయన దగ్గరకు వెళ్ళలేదు. ఆయన చేసింది గొప్ప పనే, ఒప్పుకుంటాను. కాని బతికున్నవాళ్ళు క్షమించగలరు. అమ్మ సంగతి? ఆయనే తడుముకుంటూ నా ఆఫీసుకు వచ్చారు. ఈసారి ఆయన తలుపు కొట్టారు.

"మీ అమ్మని అడగాలి," అన్నారు. "సమాధి దగ్గరికి పదిమంది మగవాళ్ళతో వెళ్ళి అడగాలని శాస్త్రంలో ఉంది కదా. నన్ను తీసుకెళతావా?"

ఆదివారం వెళ్ళాం. వాన. రబ్బీ ఎల్కానా యాజక వంశంవాడు, శ్మశానంలో అడుగు పెట్టకూడదు, ప్రహరీ బయటే గొడుగు పట్టుకుని నిలబడిపోయాడు. దాంతో తొమ్మిదిమందే తేలారు. మినీబస్సు నడిపే లియోనార్డ్‌ని, తింటున్న శాండ్‌విచ్‌తో సహా దింపి పదో మనిషిని చేశాం. అమ్మ సమాధి రాయి నిలబెట్టి అప్పటికి నెల కూడా కాలేదు.

తప్పు ఎవరి పట్ల జరిగిందో వాళ్ళ పేరు చెప్పి అడగాలి. అమ్మను ఊరంతా మిసెస్ సిల్వర్‌స్టోన్ అనేవాళ్ళు, అసలు పేరు మాస్టారికి తెలియదు. చెబుదామని నోరు తెరిచాను.

"చెప్పకు," అని చెయ్యెత్తారు. "చెబితే కంఠతా అవుతుంది."

తడి గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చున్నారు. చేతి తొడుగు తీసి, చెక్కిన హీబ్రూ అక్షరాల మీద కుడినుంచి ఎడమకు వేలు జరిపారు. చాలాసేపు పట్టింది. లియోనార్డ్ నమలడం మానేశాడు.

"హే... నూన్... యోద్... హే. హెన్యా." ఇంకో వరస కిందికి దిగారు. "మెనాహెమ్ కూతురు."

అప్పుడు లేవకుండానే, గొంతు పెంచి అన్నారు: "దేవుడి పట్లా, మెనాహెమ్ కూతురు హెన్యా పట్లా తప్పు చేశాను."

జవాబు పదిమందీ కలిసి మూడుసార్లు చెప్పాలి. "నీకు క్షమాపణ ఉంది," అన్నారు వాళ్ళు. మళ్ళీ అన్నారు. ఆడదాన్ని, ఆ లెక్కలో నేను లేను. ఇంటినుంచి బయల్దేరేటప్పుడు నోరు మెదపకూడదనే అనుకున్నాను కూడా. మూడోసారి వాళ్ళందరికంటే గట్టిగా నేనే అన్నాను.