తడి గోనెపట్టా

రెంటచింతలలో మే నెలంటే ఏమిటో మా టీమ్ లీడర్ లిఖిత గారికి తెలియదు. ఆమె హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుంటారు. నేను మా ఇంటి గడప పక్కన నవారు మంచం మీద కూర్చుని ఆఫీసు లాప్‌టాప్‌లో ఆసుపత్రి బిల్లులు సరిచూస్తుంటాను. ఎండ వెలుగులో తెర కనపడక బ్రైట్‌నెస్ చివరిదాకా పెంచుతాను. దాంతో కరెంటు పోయిన కాసేపటికే బ్యాటరీ చేతులెత్తేస్తుంది.

మొదట్లో లాప్‌టాప్‌ని దిండు మీద పెట్టుకునేదాన్ని. రెండుసార్లు వేడెక్కి పని మధ్యలో ఆగిపోయింది. మూడోసారి ఆగితే ఉద్యోగం ఖాయం చెయ్యడం కష్టమని లిఖిత గారు మర్యాదగానే చెప్పారు. పెళ్లయ్యాక ఇన్నేళ్లకి దొరికిన మొదటి ఉద్యోగం ఇది. పోతే మళ్లీ ఎవరిస్తారు? అందుకే దిండు తీసేసి నేరుగా తొడల మీదే పెట్టుకున్నాను. మంట పుట్టేది, ఓర్చుకున్నాను.

మా అత్తమ్మ శేషమ్మకి ఇదంతా వేళాకోళం. "పొద్దస్తమానం దాన్ని ఒళ్లో ఏసుకుని కూర్చుంటావు, పసిపిల్లోడా ఏంది?" అనేది. నాకు ఒళ్లు మండేది కానీ పైకి నవ్వేదాన్ని.

ఆ రోజు మధ్యాహ్నం పెద్ద ఫైలు ఆఫీసుకి వెళుతుండగా లాప్‌టాప్‌ని మంచం మీదే వదిలి అన్నానికి లేచాను. తిరిగొచ్చి చూస్తే మూత వేసి ఉంది. దాని చుట్టూ తడి గోనెపట్టా, మా ఊళ్లో మంచినీళ్ల కుండకి చుట్టినట్టు శ్రద్ధగా చుట్టి ఉంది. లాగి అవతల పారేశాను. తెర నల్లగా ఉంది. బటన్ నొక్కాను, రాలేదు.

"బుద్ధుందా అత్తమ్మా నీకు? నా ఉద్యోగం పోగొట్టావు గదా!" అని అరిచాను. ఆ ఇంట్లో నేను గొంతెత్తడం అదే మొదలు.

"కాలిపోతా ఉందే అది. కుండకి చుడితే చల్లబడదా?" అంది. నేను పారేసిన పట్టా తీసి మడతపెట్టుకుంది. నోరున్న మనిషి అలా నీరుగారిపోతే చూడలేకపోయాను, కానీ కోపం మాత్రం దిగలేదు.

లిఖిత గారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. "మేడమ్, మళ్లీ ఆగిపోయింది" అన్నానో లేదో ఏడుపొచ్చేసింది. అత్తమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"తల్లీ, తప్పు నాది. తడిపట్టా చుట్టింది నేను. దాని ఉద్యోగం మాత్రం తీసెయ్యమాక."

"ఎందుకు చుట్టారమ్మా?"

"పిల్లకి తొడలు కమిలిపోయినయ్యి తల్లీ. చానా రోజులైంది. నాకు తెలీదనుకుంటది. ఉతికేటప్పుడు చీరకి కొబ్బరినూనె మరకలు చూస్తానే ఉన్నా. కాళ్ల మీద తడిగుడ్డ ఏస్తానంటే ఒప్పుకోదు గదా, అందుకని ఆ పెట్టెకే ఏశా."

నేను తలెత్తలేకపోయాను.

"మంజులా," అన్నారు లిఖిత గారు, "ఇంత జరుగుతుంటే నాకెందుకు చెప్పలేదు? నేనూ మంచం మీదే మొదలుపెట్టాను. ఇప్పుడు మెడకి పట్టీ లేకుండా కూర్చోలేను. ముందు ఛార్జర్ తీసెయ్. మళ్లీ బటన్ నొక్కకు. నీ లాప్‌టాప్ వెనక్కి పంపు, ఇంకోటి ఇప్పిస్తాను. సోమవారం నుంచి బల్ల మీదే పని. కింద గాలి ఆడాలి, తెర కళ్లకి ఎదురుగా ఉండాలి. గడప దగ్గర్నుంచి నీడకి జరుగు, వెలుగు తగ్గించుకోవచ్చు, బ్యాటరీ కూడా నిలుస్తుంది. ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను."

అత్తమ్మ ఫోన్ నా ఒళ్లో పెట్టింది. తిట్టినందుకు ఏదైనా అనాలని నోరు తెరిచాను, మళ్లీ ఏడుపే వచ్చింది.

"ఉద్యోగం యాడికీ పోలేదంట గదా, ఇంకేందే ఏడుపు?" అంది. "కాళ్లు ఇటు చాపు, చూడనీ."