పుల్లీ మారిన పాట

సాయంత్రం తాముండే గోడాదరా పేటలో ఆడే బతుకమ్మకు రాజమ్మ ఒక పాట పాడి ఫోన్‌లో రికార్డు చేయించింది. మనవరాలు హారతి దానిని కంప్యూటర్‌లో వినిపించగానే వాకిట్లోని ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు. ఆ గొంతు చిన్నపిల్ల గొంతులా కీచుగా ఉంది.

"నా పాట పెట్టొద్దు బిడ్డా," అని రాజమ్మ లోపలికి వెళ్లిపోయింది.

ఆమె భర్త సోమలింగం నలభై ఏళ్లు మరమగ్గాలు బాగుచేసిన మనిషి. ఆయన చెవికి వేగం తేడా ఇట్టే తెలుస్తుంది.

"తప్పు గొంతుది కాదు, స్పీడుది. మోటారుకు పెద్ద పుల్లీ ఏస్తే మగ్గం గిట్లనే ఉరుకుతది. ఫోన్ల పాట ఎంతసేపున్నది?"

"ఐదు నిమిషాలు, తాతా."

ఆయన గడియారం చూస్తూ కంప్యూటర్‌లో పాటంతా విన్నాడు. అది ఇరవై నాలుగు సెకన్ల ముందే ముగిసింది.

హారతి సౌండ్ సెట్టింగులు తెరిచింది. "నిజమే తాతా. ఫోన్ పాటను సెకనుకు 44,100 ముక్కలు చేసింది. కంప్యూటర్ 48,000 లెక్కన ఉరికిస్తున్నది."

"గదే పుల్లీ. జర మార్చు."

హారతి మార్చింది. ఈసారి రాజమ్మ గొంతు నిండుగా, నిదానంగా వాకిలంతా పరుచుకుంది. నవ్విన ఆడవాళ్లే లేచి పాటకు చప్పట్లు కలిపారు.

రాజమ్మ గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"నవ్వినోళ్లనే ఆడిస్తున్నవు," అన్నాడు సోమలింగం. "పో, ముందట నిలబడు."