గొంతెత్తితే

మిక్సీలో పచ్చడి ఎప్పుడో మెత్తబడింది. అయినా రూబీ ఆపలేదు. ఆ మోత ఉన్నంతసేపే ఆమెకు గొంతు విప్పే వీలు. వంటింటి గోడకేసి తిరిగి స్వరాలు సాధన చేసుకుంటుంటే అత్త సంతోషమ్మ గడపలోకి వచ్చింది.

"ఏంది రూబీ, పచ్చడి చేస్తుండావా, మిక్సీ కాలబెడుతుండావా?"

రూబీ మిక్సీ ఆపింది. దాంతోపాటు పాటా ఆగింది.

ఆ పాట ఊరికే అబ్బింది కాదు. నాయన కోటయ్య మార్కాపురం పలకల గనిలో కూలీ. ఆదివారం ఆరాధనలో పిల్ల పాట విని, ఆమె చదివిన హాస్టల్ వార్డెనమ్మ చెన్నైలో ఒక టీచరుకు అప్పగించింది. అక్కడ నేర్చుకున్నది ఒపెరా, మాటల బదులు పాటతోనే కథ నడిపే పడమటి దేశాల నాటకం. మైకు ఉండదు. అన్ని వాద్యాల మోతనూ దాటి గొంతు చివరి వరుసలో కూర్చున్నవాళ్ళను చేరాలి. ఆడగొంతుల్లో అన్నిటికన్నా పైన పలికే సోప్రానో ఆమెది. కిందటేడు ముంబైలో పనిమనిషి వేషం ఇస్తే, మర్నాడు పేపర్లో నాయిక కన్నా పనిమనిషి గురించే ఎక్కువ రాశారు. భర్త వినయ్ కుమార్ దాన్ని చర్చి గ్రూపులో పెట్టి మురిసిపోయాడు. "మీ పాటకు నేను అడ్డం రాను" అని పెళ్ళిచూపుల్లోనే మాటిచ్చాడతను. అడ్డం రాలేదు కూడా. అతని టిఫిన్ బాక్సు, అత్తమ్మ మోకాళ్ళకు నూనె, నీళ్ళ ట్యాంకరు, వచ్చిపోయే సంఘస్తులకు టీలు అయ్యాక పాటకు పొద్దు ఎక్కడ మిగులుతుందో మాత్రం ఎన్నడూ అడగలేదు.

ముంబై నుంచి వచ్చిన కొన్నాళ్ళకే కడుపు పోయింది. ఇది ఎవరి తప్పూ కాదమ్మా అంది డాక్టరమ్మ. పరామర్శకు వచ్చినవాళ్ళ ముందు సంతోషమ్మ ఒకటే మాటంది. "అట్ల కేకలు బెట్టి పాడితే కడుపు నిలుస్తదా?" ఎవరూ కాదనలేదు. వినయ్ తల వంచుకుని టీ తాగాడు. అప్పటినుంచి పై స్వరం అందుకోబోయే ప్రతిసారీ రూబీ చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయేది, గొంతు కిందికి దిగేది. అది నిజం కాదని బుద్ధికి తెలుసు, ఒంటికి తెలియదు. ఎవరితో చెప్పుకోవాలి? ఈ ఊళ్ళో ఆ పాట తెలిసినవాళ్ళు లేరు. ముంబైలో ఉన్నారు గానీ, రిహార్సల్ కాగానే వాళ్ళంతా నవ్వుకుంటూ ఎటో పోతే తను గదిలో ఒక్కతే పెరుగన్నం తినేది. గొంతెత్తి పాడేటప్పుడే ఆమెకు ఒంటరితనం తెలిసేది కాదు. ఇప్పుడు ఆ కాసేపూ లేకుండా పోయింది.

ఆ మధ్యాహ్నం ఫోనులో మెసేజ్ వచ్చింది. ముంబైలో నాటకం నడిపించే మేడమ్ రాసింది. "నువ్వు తల్లివి కాబోతున్నందుకు చాలా సంతోషం. ఈసారి నాయిక నువ్వే అనుకున్నాను. పర్వాలేదు, ఒళ్ళు జాగ్రత్త."

రూబీ దాన్ని రెండోసారి చదివింది. కడుపు లేదు. నాయిక మాట తనకెవరూ చెప్పలేదు.

సాయంత్రం వినయ్ చెప్పులు విడుస్తుంటే అడిగింది.

"మేడమ్ ఫోన్ చేసినారా?"

"మొన్న నువ్వు ఫోన్ ఇంట్లో పెట్టి అమ్మను ఆస్పత్రికి తోడుకపోయినావే, అప్పుడు. రెండు నెలలు అక్కడే ఉండాలంట. రాదంటే ఎందుకని నూరు అడుగుతారు. కడుపుతో ఉందని చెప్పినా. ఇంకేం అడగలా."

"లేదు గదా."

"ఇయ్యాల కాకపోతే రేపు. దీంట్లో ఏం పోయింది?"

లోపలున్న సంతోషమ్మ చెవిన ఆ కడుపు మాటొక్కటే పడింది. మోకాళ్ళ నొప్పి మరిచి గబగబా వచ్చి, కోడలి బుగ్గలు నిమిరి ఏడ్చేసింది. పాస్టరయ్యకు, అక్కలకు, ఎదురింటి అరుణకుమారికి వెంటనే చెప్పుకుంది. ఆదివారం చర్చిలో కృతజ్ఞతార్పణ కానుక ఇస్తామంది. కాదని చెప్పమన్నట్టు రూబీ భర్త వైపు చూసింది. ఊరుకోమని కళ్ళతోనే సైగ చేశాడు వినయ్. ఇంతకు ముందు తల్లి ఏమన్నా నోరు విప్పనివాడు, ఇప్పుడు ఒక అబద్ధం కోసం ఆమె నోరు మూయిస్తున్నాడు.

రూబీ మేడ మీదికి పోయి మేడమ్‌కు ఫోన్ చేసింది. తాను గర్భవతిని కాదని, ఆ మాట తనది కాదని చెప్పింది. నాయిక పాత్ర నిన్ననే వేరే అమ్మాయికి ఇచ్చేశామంది మేడమ్. ఆ పాత్రంతా నేర్చుకుని, ఆమెకు ఒంట్లో బాగాలేని రోజున పాడటానికి సిద్ధంగా ఉండే మనిషి కావాలట. ఒక్క రోజు కూడా వేదిక ఎక్కే అవకాశం రాకపోవచ్చు.

"పాడగలవా?"

"తెలియదు మేడమ్. గొంతెత్తి చాలా రోజులైంది. వస్తాను."

మర్నాడు వాకిట్లో ఆటో ఆగింది, మార్కాపురం రోడ్డు స్టేషనుకు. రూబీ సంచి బయటపెట్టేసరికి సంతోషమ్మ అడ్డం వచ్చింది.

"ఒట్టి మనిషివి కావు. ఎక్కడికమ్మా ఈ ప్రయాణం?"

ఆ ముఖం చూస్తే రూబీకి జాలేసింది. ఆ చేతులు ఒకసారి పట్టుకుని వదిలి, ఆటో ఎక్కింది. వినయ్ పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"ఊరంతా తెలిసిపోయింది రూబీ. అమ్మకు, వీళ్ళందరికీ నేనేం చెప్పేది?"

"ఉందని మీరే చెప్పినారు," అంది రూబీ. "లేదని కూడా మీరే చెప్పండి."