కుడివైపు చదివితే చాలు

నేను ఒక చిన్న పుస్తకాన్ని. పేరు ‘పది రోజుల్లో పోర్చుగీసు’. నాలో లేని పోర్చుగీసు మాట ఈ భూమ్మీదే లేదు. లిస్బన్‌లో పండితులు ఏదైనా మాట మర్చిపోతే విశాఖపట్నానికి ఉత్తరం రాసి నన్ను తెప్పించుకుంటారు.

నావి ముప్పై రెండు పేజీలు. అందులో ఆరు పేజీలు ఏజెంటు ఫోన్ నంబర్లు.

నిజానికి నేను గల్ఫ్‌కి వెళ్లేవాళ్ల అరబ్బీ పుస్తకాన్ని. పోర్చుగీసు మాట్లాడే అంగోలాలో పనులు పడేసరికి ఏజెంటు అరబ్బీ తీయించి పోర్చుగీసు పెట్టించాడు. ఓడలో వంట చేసి రిటైరైన ఒకాయన రెండు మధ్యాహ్నాల్లో ఆ పని ముగించాడు. ఒంటెల గురించి నాలుగు వాక్యాలు అలాగే ఉండిపోయాయి. అంగోలాలో ఒక్క ఒంటె కూడా ఇంతవరకూ నన్ను పలకరించలేదు.

నా ప్రతి పేజీలో రెండు వరసలు. ఎడమవైపు మేనేజర్ మాటలు: ఆరింటికి రావాలి, హెల్మెట్ తప్పనిసరి, ఎదురు చెప్పకపోతే నీకే మంచిది. కుడివైపు పనివాడి మాటలు: అలాగే సార్, దయచేసి సార్, క్షమించండి సార్.

“కుడివైపు చదివితే చాలు. ఎడమవైపుతో నీకేం పని?” అన్నాడు ఏజెంటు, నన్ను దండాసి చేతిలో పెడుతూ.

దండాసి ఉద్దానం నుంచి వచ్చిన వెల్డరు. అక్క మొగుడు నీలకంఠంతో కలిసి అంగోలాలో సిమెంటు ఫ్యాక్టరీ కట్టే పనికి బయల్దేరాడు. విమానం దిగేలోపు కుడివైపంతా నోటికొచ్చేసింది.

వానలు మొదలైన వారానికి నీలకంఠానికి జ్వరమొచ్చింది. ఆ వణుకుకి ఇనపమంచం ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచింది.

“బావా, ఏటైనాది? కళ్లేటి పచ్చగున్నాయి?”

“ఏటీ నేదురా. మీ అక్కకి మాత్రం సెప్పకు. నేను సావకముందే ఏడుపు మొదలెట్టేస్తాది.”

దండాసి మేనేజర్ దగ్గరికి పరిగెత్తాడు. దయచేసి సార్, క్షమించండి సార్, జ్వరం సార్. మేనేజర్ రెండు మాత్రలిచ్చాడు. రెండోరోజూ అదే పాఠం, అవే రెండు మాత్రలు. ఇంత మర్యాదస్థుణ్ణి చూడలేదన్నట్టు భుజం కూడా తట్టాడు.

మూడోరోజు నీలకంఠం మనుషుల్ని గుర్తుపట్టడం మానేశాడు. కూలీలకి వండిపెట్టే దోన సెలెస్త్ అనే ఆ ఊరావిడ వచ్చి చూసి, దండాసిని కసిరి, అతని జేబులోంచి నన్ను లాగింది. పన్నెండో పేజీ దగ్గర ఆగింది. ఎడమవైపు ‘హెల్మెట్ తప్పనిసరి’లో హెల్మెట్ అన్న మాటని బొటనవేలితో కప్పేసి, ఆ చోట గట్టిగా “ఒష్పితాల్!” అంది.

దండాసి వెళ్లి మేనేజర్ మాటని మేనేజర్‌కే చెప్పాడు.

“ఎ ప్రెసీజు ఒష్పితాల్.” ఆసుపత్రి తప్పనిసరి. ‘సార్’ లేదు.

పది నిమిషాల్లో జీపు వచ్చింది. నీలకంఠం దారిలోనే పోయాడు.

ఆసుపత్రి వరండాలో ఫోను మోగింది. అక్క. దండాసి జరిగిందంతా చెప్పాడు.

“రెండ్రోజులు ఏటి సేసినావురా? తీసుకెళ్లాలని గట్టిగా సెప్పనేకపోనావా?”

“ఆ మాట నాకు రాదక్కా. పుస్తకంలో నేదు.”

“మరి ఇయ్యాల ఎక్కడినుంచొచ్చిందిరా?”

దండాసి గుండెమీద జేబులో నేనున్నాను. ఇంక నేనే చెప్పాలి.

ఉందమ్మా, ‘తప్పనిసరి’ అన్న మాట. మొదటిరోజు నుంచీ నాలోనే ఉంది. మీవాడి నోటికి అందకుండా అవతలివైపు పెట్టుకున్నాను.